దిగాక చెప్పాల్సిన మాట

మధ్యాహ్నం బట్టలు ఆరేసే వేళకి మా డాబా మీదుగా ఒక విమానం వెళ్తుంది. ఎంత కిందుగా అంటే, దాని నీడ ముందు ఎదురింటి నీళ్ళ ట్యాంకు మీద పడి, అక్కణ్ణించి మా తీగ మీది దుప్పట్ల మీదకి పాకి, నా మొహం మీంచి జారి పక్కింటి గోడ దిగిపోతుంది. కాపరానికొచ్చిన కొత్తలో ఆ నీడ తగిలినప్పుడల్లా భయంతో కళ్ళు మూసుకునేదాన్ని. ఇప్పుడూ మూసుకుంటాను, సుఖంగా ఉంటుందని. ఆ కాసేపూ చెవుల నిండా మోత తప్ప మరేమీ ఉండదు. పొయ్యి మీద పెట్టొచ్చిన పాలూ, స్కూలు నుంచి రావలసిన పిల్లా, అన్నీ ఎటో పోయి, తడి బట్టల వాసనలో నేనొక్కదాన్నే తేలుతున్నట్టుంటుంది. ఇంతలో కింద నుంచి మా అత్తగారి గొంతు వినిపిస్తుంది, "అమ్మాయ్, దిగావా?" అని.

దిగకపోతే దిగలేదని చెప్పాలి. దిగితే దిగానని చెప్పాలి. మా ఇంట్లో ఎవరు ఎక్కడికి ఎక్కినా, అది డాబా కానివ్వండి, బల్బు మార్చడానికి వేసుకున్న స్టూలు కానివ్వండి, ఎక్కేటప్పుడు ఎవరికీ చెప్పక్కర్లేదు. దిగాక మాత్రం చెప్పి తీరాలి. పెళ్ళయిన వారంలోనే నాకీ సంగతి తెలిసొచ్చింది. అటక మీది డబ్బా కోసం కుర్చీ ఎక్కి, తీసుకుని, దిగి, నా దారిన నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆవిడ పెరట్లోంచి తడి చేతులతో పరిగెత్తుకొచ్చి, ఖాళీ కుర్చీనీ నన్నూ మార్చి మార్చి చూసి, "దిగితే చెప్పవేం?" అంది. నాకు ఒళ్ళు మండింది. కొత్త కోడలికి కుర్చీ దిగడం కూడా నేర్పుతారా అని మా ఆయన దగ్గర గట్టిగానే సణిగాను. మా అమ్మ అంతే అని నవ్వేస్తాడనుకున్నాను. ఆయన నవ్వలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ళ నాన్న సంగతి చెప్పాడు.

మా మామగారు కప్పులు బాగుచేసే మనిషి. పెంకుటిళ్ళు, రేకుల షెడ్లు, గోడౌన్లు, ఎక్కడ నీళ్ళు కారుతుంటే అక్కడ ఆయన ఉండేవాడట. అప్పట్లో ఇంట్లో ఫోను లేదు, పక్కనే దర్జీ కొట్లో ఉండేది. సాయంత్రం పని ముగించి నిచ్చెన దిగగానే మామగారు ఎక్కణ్ణించైనా ఆ కొట్టుకి ఫోను చేసి, "దిగాను" అని ఒక్క మాట చెప్పి పెట్టేసేవాడు. దర్జీ మిషను తొక్కుడు ఆపకుండానే గోడవతలకి కేకేసేవాడు, "అక్కా, దిగాడట!" అని. అప్పుడు మా అత్తగారు టీ నీళ్ళు పెట్టేదట, ఆయన ఇల్లు చేరేసరికి మరుగుతూ ఉండేలా.

ఒకరోజు ఆ కేక రాలేదు. ఎదురుచూసి, ఎదురుచూసి, ఆవిడే కొట్టుకెళ్ళి ఆయన పనిచేస్తున్న చోటికి ఫోను చేయించి, రిసీవరు తీసుకుని "ఆయన దిగాడా?" అని అడిగింది. అవతల ఎవరూ పలకలేదు. ఆ రిసీవరు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారుతున్న చప్పుడు మాత్రం వినిపించిందట. పాత సిమెంటు రేకు. పైన కొత్తగా రంగు వేసేసరికి గట్టిదో పుచ్చిందో తెలియలేదు. కాలు పెట్టాడు, రేకు ఆగలేదు.

ఇంత జరిగాక కూడా మా ఆయన అదే పనిలోకి దిగాడంటే ముక్కున వేలేసుకోకండి. ఆయనకి వచ్చింది ఆ పనే. చిన్నప్పట్నించీ తండ్రి పక్కన కూర్చుని బోల్టులు ఏరినవాడు. అత్తగారు తిండి మానేసింది, మాట మానేసింది, బతిమాలింది. ఆయన వినలేదు. ఆవిడ ఆఖరికి ఒకే ఒక్క మాట ఒప్పించుకుంది. తన కన్ను పడని కప్పు మీద కొడుకు కాలు పడకూడదు. కింద నిలబడ్డ మనిషి కన్ను కప్పు మీదకి ఎలా పడుతుందని మీరడగొచ్చు. నేనూ అడిగాను. దానికి జవాబు ఒక పెళ్ళిలో దొరికింది.

ఆ పెళ్ళిలో వీడియో తీసే అబ్బాయి డ్రోను ఎగరేస్తున్నాడు. మా అత్తగారు భోజనం సగంలో వదిలేసి వెళ్ళి అతని వెనకాల నిలబడింది. తెర మీద హాలు కప్పు మొత్తం కనిపిస్తోంది. అందరూ పెళ్ళికూతుర్ని చూస్తుంటే ఈవిడ, "బాబూ, ఆ మూల రేకు లేచింది, మీ హాలువాళ్ళకి చెప్పు" అంది. మర్నాటి నుంచి డ్రోను ఎక్కడ నేర్పుతారో వాకబు చేయడం మొదలుపెట్టింది.

నేర్పేచోట అంతా మీసాలు కూడా సరిగా రానివాళ్ళే. ఈవిణ్ణి చూసి బామ్మ పైలట్ అని పేరు పెట్టారు. పరీక్ష మొదటిసారి తప్పింది. ఎత్తులూ దూరాలూ బుర్రకెక్కలేదు. పప్పు కలియబెడుతూ, పిల్లకి జడ వేస్తూ, ఆ అంకెలే వల్లించింది. మా పిల్ల ఎక్కాల బదులు అవే నేర్చుకుంది. రెండోసారి పాసై, సర్టిఫికెట్టూ డ్రోనూ ఒకేసారి ఇంటికి తెచ్చింది. దాని రొద విని కందిరీగ అని పేరు పెట్టింది. ఇక చూడండి, రోజూ మెత్తటి గుడ్డతో దాని రెక్కలు తుడవడం, దాని బ్యాటరీలు సమయానికి నింపడం. ఇంట్లో ఇద్దరు కోడళ్ళమై కూర్చున్నాం. ఎండలో తిరిగొచ్చిన నన్ను నీళ్ళు తాగావా అని అడిగిందో లేదో గాని, దాన్ని మాత్రం నీడలో పెట్టావా అని తప్పకుండా అడిగేది.

తమాషా ఏమిటంటే, మా ఇంటి కందిరీగకి మా ఇంట్లో ఎగిరే హక్కు లేదు. డ్రోన్లవాళ్ళకి ఒక మ్యాపు ఉంటుంది. పచ్చరంగు ఉన్నచోట చెప్పిన ఎత్తు దాటకుండా ఎగరేసుకోవచ్చు. పసుపు ఉన్నచోట ముందు అనుమతి తీసుకోవాలి. ఎరుపైతే ఇక ఆ ఊసే ఎత్తకూడదు. విమానాలు దిగే దారిలో ఉంది కాబట్టి మా వీధి ఎర్రటి ఎరుపు. పెరట్లో జానెడు ఎత్తు లేపి చూపించమని మా పిల్ల ఎంత ఏడ్చినా ఆవిడ లేపలేదు. ఊళ్ళో గోడౌన్లన్నీ విమానాశ్రయం అవతలి పక్క, పసుపులో ఉన్నాయి. అక్కడ ఎగరెయ్యాలంటే ఏ చోట, ఎంత ఎత్తు, ఎప్పట్నించి ఎప్పటిదాకా అని ముందే రాసి అనుమతి తెచ్చుకోవాలి. అది వచ్చాక కూడా, లేపబోయే ముందొకసారి, దింపాక ఒకసారి కంట్రోలు టవరుకి ఫోను చేసి చెప్పాలి.

ఈ చివరి షరతు విన్నప్పుడు మా అత్తగారి మొహం చూడాల్సింది. ప్రభుత్వంవాళ్ళు ఎవరో మా ఇంటికొచ్చి, మా ఆచారం చూసి వెళ్ళి రాసుకున్నట్టే మురిసిపోయింది.

మాది చిన్న విమానాశ్రయం, వచ్చేవీ పోయేవీ కొన్నే. మేం ఎప్పుడు ఫోను చేసినా దాదాపు ఒకాయనే ఎత్తేవాడు. పేరు తెలియదు, మాకు ఆయన టవరాయన. మొదట్లో మరీ పొడిగా మాట్లాడేవాడు. పోగాపోగా, "గాలి పెరుగుతోందమ్మా, చూసుకోండి" అనడం దాకా వచ్చాడు. పని అయ్యాక ఈవిడ, "దిగాను బాబూ" అనేది. డ్రోను దిగింది అనాలి కదా అత్తయ్యా అంటే, ఏదో ఒకటిలే అనేది. ఆయన "సరే అమ్మా" అనేవాడు. ఏళ్ళ తరబడి వాళ్ళిద్దరి మధ్య నడిచింది ఇంతే. ఆ "సరే అమ్మా" విన్నాకే ఆవిడ మంచినీళ్ళ సీసా మూత తీసేది.

అందులో నాకూ ఒక ఉద్యోగం ఉంది. ఎగరేసేవాళ్ళు డ్రోను మీంచి చూపు తిప్పకూడదు, అందుకని పక్కన ఒక మనిషి ఆకాశం కనిపెడుతూ ఉండాలి. విమానం గాని, పక్షులు గాని, మరేదైనా గాని వస్తే చెప్పాలి. ఆ మనిషిని నేను. తల పైకెత్తి ఉత్తి ఆకాశాన్ని చూడటం ఒక పని అని నాకెవరైనా ముందే చెప్పుంటే చదువు మధ్యలో మానేసినందుకు అంత ఏడ్చేదాన్ని కాదు. చూడగా చూడగా ఆ నీలంలో సన్నటి నలకలు ఈదుతాయి. కాళ్ళ కింద నేల ఉందో లేదో తెలియదు. కందిరీగ రొద ఎక్కడో దూరంగా జోలపాటలా వినిపిస్తుంది. అత్తగారు మోచేత్తో పొడిచి, "నిద్రపోతున్నావా?" అంటే ఉలిక్కిపడి రెప్పలార్పేదాన్ని.

ఆవిడ చూసిన కప్పుల మీదకి మా ఆయన సగానికి సగం ఎక్కనే అక్కర్లేకపోయేది. ఎక్కినా ఎక్కడ పుచ్చిందో ముందే తెలుసు కాబట్టి తాడు కట్టుకుని, చెక్కపలక పరుచుకుని, అక్కడిదాకా వెళ్ళి వచ్చేవాడు. నేను ఆ ఇంట్లో హాయిగా నిద్రపోయానంటే అది ఆ అనుమతి కాయితం పుణ్యమే. అది ఆగిపోతే నా మొగుడు కళ్ళకు గంతలు కట్టుకుని కప్పెక్కినట్టే. ఈ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

ఆ రోజు నాకు జ్వరం. విమానాశ్రయానికి అవతల, పసుపు మొదలయ్యేచోటే కాయితాల గోడౌను, ఊళ్ళోకెల్లా పెద్ద కప్పు, వానలు పడేలోపు చూసి పెట్టమన్నారు. ఆకాశం చూడటానికి అక్కడి వాచ్‌మన్‌ని నిలబెట్టుకుంటానని చెప్పి ఆవిడ ఒక్కతే వెళ్ళింది. నేను మేడ మీద గదిలో కిటికీ పక్కన పడుకున్నాను. సాయంత్రం ఎండ గోడ మీద నారింజ రంగులో సాగుతోంది. రోజూ ఆ వేళకి వచ్చే విమానం వచ్చింది, కిటికీలో ఈ చివర్నుంచి ఆ చివరికి పోయింది. కాసేపటికి మళ్ళీ ఈ చివరే కనిపించింది. మళ్ళీ పోయింది. మళ్ళీ వచ్చింది. దాని మోత కూడా దిగిరాలేదు, పైపైనే గుండ్రంగా తిరుగుతోంది. జ్వరం నెత్తికెక్కిందనుకున్నాను. భయం వెయ్యలేదు సరిగదా, ఎంతో బాగుంది. లోపల కూర్చున్నవాళ్ళందరూ నిద్రపోతుంటే ఎవరో మెల్లగా ఉయ్యాల ఊపుతున్నట్టు అనిపించి, నేనూ నిద్రలోకి జారుకున్నాను.

ఆ విమానాన్నే అదే వేళకి గోడౌను ముందు ఒక చెక్కపెట్టె మీద కూర్చుని మా అత్తగారు కూడా చూస్తోంది.

జరిగిందేమిటంటే, కందిరీగ కప్పు మీద వరసలు వరసలుగా వెళ్తుంటే తెర మీద పాచి మధ్యలో నీలం చుక్కలు కనిపించాయి. ఒకటి కాదు, వరసంతా. రేకుల్ని కింది ఇనప దూలాలకి బోల్టులతో బిగిస్తారు. నీళ్ళు దిగకుండా బోల్టు కింద రబ్బరు వాషరు వేస్తారు. బజారు వాషర్లు రెండెండలకే పగిలిపోతాయని మా మామగారు అరిగిపోయిన రబ్బరు చెప్పుల్ని గుండ్రంగా కోసి వాషర్లు చేసేవాడట. అందులోనూ నీలంవే మన్నుతాయని ఆయనకో నమ్మకం. వీధిలో ఎవరి చెప్పు తెగినా మా ఇంటికే చేరేది. ఆయన గడప మీద కూర్చుని కోస్తుంటే ఆవిడ పక్కన కూర్చుని లెక్కపెట్టి డబ్బాలో వేసేది. ఆ కప్పు కూడా ఆయనే వేశాడని అప్పటిదాకా ఆవిడకి తెలియదు. ఇన్నేళ్ళ తరవాత పైనుంచి చూస్తే ఒక్కటీ పగలకుండా ఉన్నాయి.

బ్యాటరీ అయిపోతోందని మోగితే కందిరీగని బుద్ధిగా దింపింది. బ్యాటరీ ఊడదీసింది, రెక్కలు మడిచింది, పెట్టెలో పెట్టింది. పెట్టి, తీసిన వీడియో మళ్ళీ మొదట్నించి పెట్టుకుని చూస్తూ కూర్చుంది. ఎగరేసేటప్పుడు ఫోను మోగితే చెయ్యి అదురుతుందని మోత తీసేసి సంచీలో పడేయడం ఆవిడకి అలవాటు. దాన్ని బయటికి తియ్యలేదు. నెత్తి మీద విమానం తిరుగుతుంటే తలెత్తి చూసి, వాచ్‌మన్‌తో, ఎంత తీరిగ్గా తిరుగుతోందో చూడవయ్యా అందట. విమానాశ్రయం జీపు వచ్చి ముందు ఆగేదాకా ఆవిడకి ఏమీ తెలియదు.

ఇంటికొచ్చి నా మంచం అంచున కూర్చుంది. "చెప్పలేదమ్మాయ్" అంది. ఏం చెప్పలేదో నాకు అర్థం కాలేదు. నా నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం చూసింది.

"దిగానని చెప్పలేదు. వాళ్ళు ఫోను మీద ఫోను చేశారు. నేను పలకలేదు. పైన అంతమందిని పెట్టుకుని ఆ బాబు ఎంత కొట్టుకున్నాడో."

నాకు ముందు అనుమతి ఏమవుతుందోనన్న భయమే వచ్చింది. ఆవిడ బాధ అది కాదు. దర్జీ కొట్లో రిసీవరు పట్టుకుని నిలబడ్డ మనిషి, ఇంకొకరిని సరిగ్గా అలాగే నిలబెట్టింది. అది తలుచుకుని ఆవిడ రాత్రి అన్నం ముట్టలేదు.

సంజాయిషీ చెప్పుకోవడానికి పిలిచినప్పుడు నేనూ తోడు వెళ్ళాను. గచ్చు మెరిసే గది, గోడకి రన్‌వే బొమ్మ, బల్ల అవతల పెద్ద ఆఫీసరు. ఆయన పక్కన సన్నగా, భుజాలు వంగి, చొక్కా జేబులో ఇంకు మరక పడ్డ ఒక మనిషి. ఆయన నోరు విప్పాక గాని టవరాయన అని తెలియలేదు. ఆ గొంతుకి నేను ఆరడుగుల మనిషిని ఊహించుకున్నాను. అరుస్తాడేమోనని పైట బిగించుకుని కూర్చున్నాను, అరిస్తే నేనూ ఊరుకునేదాన్ని కాదు. ఆయన అరవలేదు. డ్రోను ఎక్కడుందో తెలియకుండా విమానాన్ని దింపలేనమ్మా అన్నాడు. బైనాక్యులర్సు పెట్టుకుని ఆ కప్పు మీద వెతుకుతూనే ఉన్నాడట. ఏమీ కనిపించలేదు. దిగినా కనిపించదు, అడ్డంగా ఎగిరిపోయినా కనిపించదు, ఏదో తేల్చుకోలేకపోయాను అన్నాడు.

మా అత్తగారు ఒక్క సాకు చెప్పలేదు. చెప్పుల వాషర్ల సంగతీ, మామగారి సంగతీ ఆఫీసరు అడిగితేనే చెప్పింది. తప్పు నాదే, ఎదురుచూడటం ఎలా ఉంటుందో తెలిసి కూడా చేశాను అంది. టవరాయన తల వంచుకుని బల్ల మీది పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చున్నాడు. రెండు నెలలు అనుమతులు ఆపేశారు. అందులో ఆయన చేతిలో ఏమీ లేదు. ఆవిడ అడగనూ లేదు.

వానలు ఎవరికోసం ఆగుతాయి? మొదటి జల్లుకే కాయితాల గోడౌనులో రెండుచోట్ల కారింది. లోపల నుంచి సర్దుదామంటే కాయితాల బేళ్ళు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. గోడౌను ఓనరు మా ఇంటికొచ్చి కూర్చున్నాడు. మా ఆయన వానలలోపు చేసిపెడతానని మాటిచ్చి ఉన్నాడు. ఓనరు టీ తాగుతూ మెల్లగా అన్నాడు, ఈ మబ్బులో ఎవరు చూస్తారు, విమానాల వేళ కాదు, ఒక్క రెండు నిమిషాలు లేపి ఇప్పుడెలా ఉందో చూసి దించెయ్యండి అని. అత్తగారు తల అడ్డంగా ఊపింది. ఓనరు వెళ్ళాక మా ఆయన గోడకి వేలాడే తాడు తీసి ముడులు చూసుకోవడం మొదలుపెట్టాడు.

అప్పుడు నేను లేచాను. లేపండత్తయ్యా అన్నాను. ఎవరికీ తెలియదు, తెలిస్తే నా నెత్తిన వేసుకుంటాను అన్నాను. ఆవిడ కదల్లేదు.

"మీకు రూలు ముఖ్యమా, కొడుకు ముఖ్యమా?" అని అడిగేశాను.

ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గు లేదు. నా మొగుడు, నా భయం. ఆవిడకి కోపం రాలేదు. పెట్టెలో ఉన్న కందిరీగ వైపు చూసి, నా వైపు చూసింది.

"పైన విమానం తోలేవాడు కూడా ఒకరి కొడుకేగా అమ్మాయ్. వాళ్ళమ్మ నన్నడిగితే నేనేం చెప్పను?"

రెండు రోజులు వాన ఆగుతూ పడుతూ ఉంది. అన్నీ నీళ్ళలోంచి చూస్తున్నట్టు మసగ్గా ఉండేవి. మా ఆయనే చివరికి తల్లి పక్కన చతికిలబడి, ఆ కప్పు మీద నీ కన్ను పడిందిగా అమ్మా అన్నాడు. ఆవిడ అర్థం కానట్టు చూసింది. బోల్టులు ఉన్నచోటే కింద దూలం ఉంటుంది, దూలం మీద అడుగేస్తే రేకు విరగదు, మిగతా కప్పంతా పాచి పట్టి ఏమీ తెలియదు గాని నాన్న వాషర్లు మాత్రం కనిపిస్తున్నాయి, వాటి మీదే నడుస్తాను అన్నాడు. ఆవిడ లేచి వీడియో తీసి, ఆ నీలం వరసల్ని ఒక్కొక్కటే ఆపి ఆపి చూడటం మొదలుపెట్టింది.

తెరిపిచ్చిన ఒక ఉదయం వెళ్ళాం. మబ్బు తెల్లగా, కిందుగా ఉంది. గోడౌనుకి విమానాశ్రయం లేని పక్క నిచ్చెన వేశారు. మా ఆయన తాడు బిగించుకుని, పలకలు పైకి లాక్కుని, చెవిలో తన ఫోను తీగ పెట్టుకుని ఎక్కాడు. కప్పు అంచు దాటగానే మాకు కనిపించడం మానేశాడు. అత్తగారు అదే చెక్కపెట్టె మీద కూర్చుంది. ఒళ్ళో వీడియో ఉన్న తెర, పక్కన నా చేతిలో ఫోను.

"నీలం ఎక్కడుంది?" అని అడిగేది. కుడికాలి దగ్గర అనేవాడు. "దాని మీదే. రెండోది ఎడమకి." ఆవిడ గొంతు ఎంత నెమ్మదిగా ఉందంటే, పిల్లకి నడక నేర్పుతున్నట్టు. నేను అలవాటుకొద్దీ ఆకాశం చూస్తూ నిలబడ్డాను. మొదటిసారి ఆ ఆకాశం నాకు ఏ హాయీ ఇవ్వలేదు. అంత తెలుపులో ఎక్కడో నా మనిషి పాత చెప్పుముక్కల మీద నడుచుకుంటూ పోతున్నాడు. ఒకచోట ఆగిపోయాడు. ఏమైందని ఆవిడ అడిగితే, ఏం లేదమ్మా, ఒక వాషరు మీద ఇంకా పట్టీ రంధ్రం ఉంది, నీ చెప్పే అనుకుంటా అన్నాడు. ఆవిడ నవ్వబోయి, తరవాతి వరస చెప్పింది.

పుచ్చిన రేకుల మీద కొత్త రేకు తొడిగి, బిగించి, అదే దారిన వెనక్కొచ్చాడు. అంచు మీద ముందు చెప్పుల్లేని పాదం, తరవాత మోకాలు కనిపించాయి. ఒక్కో మెట్టూ దిగాడు. నేల మీద కాలు పెట్టి, నిచ్చెన పట్టుకుని, ఊపిరి కోసం ఆగాడు. దిగానని ఇంకా చెప్పలేదు. అంతలో మా అత్తగారి సంచీలో ఆవిడ ఫోను మోగింది.

ఆ జీపు వచ్చిన రోజు నుంచి ఆవిడ మోత తియ్యడం మానేసింది. తీసి చూస్తే టవరు నంబరు. మా ఇద్దరి పైప్రాణాలూ పైనే పోయాయి. మేం ఏమీ ఎగరెయ్యలేదు. కందిరీగ ఇంట్లో పెట్టెలో ఉంది. ఆవిడ స్పీకరు నొక్కి, ఎప్పటిలాగే అందరికీ వినిపించేలా దూరంగా పట్టుకుంది.

"అమ్మా, నేనే" అన్నాడు టవరాయన. "ఇందాకట్నించి బైనాక్యులర్సులోంచి చూస్తున్నాను. ఆ గోడౌను మీద ఉన్నది మీ అబ్బాయే అనుకున్నా. ఇప్పుడు కనబడ్డం లేదు." కాసేపు ఆగాడు. "దిగాడా?"

మా అత్తగారు జీవితమంతా ఆ ప్రశ్న అడిగిన మనిషి. పిల్ల స్టూలెక్కినా అడిగింది, నేను డాబా ఎక్కినా అడిగింది, ఆ రోజు దర్జీ కొట్లో నిలబడి అడిగింది. అడగడమే గాని, ఇంకొకరు అడిగితే జవాబు చెప్పే వంతు ఆవిడకి ఎప్పుడూ రాలేదు. అవతల ఆయన ఫోను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. మా ఆయన తాడు విప్పుకోవడం ఆపి తల్లి వైపు చూస్తున్నాడు. ఆవిడ లేచి చెయ్యి చాపి కొడుకు తడి చొక్కా గుప్పిట్లో పట్టుకుంది.

"దిగాడు బాబూ" అంది. "దిగాడు. నా ఎదురుగానే ఉన్నాడు."

నేను చెక్కపెట్టె మీద కూలబడి, వాచ్‌మన్ చూస్తున్నాడని కూడా లేకుండా వెక్కి వెక్కి ఏడ్చాను.

"సరే అమ్మా" అన్నాడు టవరాయన. ఆవిడ మంచినీళ్ళ సీసా మూత తీసి, ముందు కొడుక్కిచ్చింది.